ఆయన తగ్గిన కేజీలు

మా ఆయన మొత్తం ఇరవై ఆరు కేజీలు తగ్గారు. అందులో మొదటి తొమ్మిదీ నేను తగ్గించినవి, మిగతా పదిహేడూ జబ్బు తగ్గించినవి. ఇదీ నేను ఉజ్జాయింపుగా అనుకుంటున్నదే. ఏ కేజీ దగ్గర నా పని ఆగిపోయి దాని పని మొదలైందో దేవుడికే తెలియాలి. ఆ పదిహేడు కూడా నా ప్రతాపమేనని నెలల తరబడి ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. పైకి తిట్టుకునే ఓపిక కూడా అయిపోయింది, అందుకే రాస్తున్నాను.

మాది భీమవరం. ఆయనకి రొయ్యల మేత దుకాణం ఉండేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్న సందడంతా తిండిదే. పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టకముందే "మధ్యాహ్నానికేంటి?" అని అడిగే మనిషి. శనివారం తప్ప చేపో రొయ్యో లేనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. మా వైపు ఎవరింటికెళ్ళినా భోంచేశారా అని అడగరు, ముందు విస్తరేసి తర్వాత పిలుస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. పెళ్ళిళ్ళలో ఆయన బంతిలో కూర్చున్నారంటే వడ్డించేవాళ్ళకి పండగ. "ఇంకొక్క గరిటండి, మా మాట కాదనకండి" అంటూ ముగ్గురు మూగేవారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారుగానీ వేళ్ళు మాత్రం బాగా ఎడంగా ఉంచేవారు. నాకు నవ్వొచ్చేది.

ఆయనకి యాభై ఆరో ఏట, నాకు యాభై రెండో ఏట ఇద్దరికీ ఒకే వారంలో షుగరు బయటపడింది. ఆయన తొంభై ఎనిమిది కేజీలు, నేను ఎనభై ఒకటి. "ఇద్దరూ తగ్గాలండి. తగ్గకపోతే మందులు పెంచుకుంటూ పోవడమే" అన్నాడు డాక్టరు. ఆయన బయటికొచ్చి "సరేలేవే, రేపట్నుంచి చూద్దాం. ఇవాళ మాత్రం బిర్యానీ తిని వెళ్దాం" అన్నారు. నాకు మాత్రం ఆ మాట చెవికెక్కలేదు. మా నాన్నకి షుగరొచ్చి, పుండు పడి, మోకాలి కిందకి కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన మూడేళ్ళు మంచంలో ఉన్నాడు. ఆ మూడేళ్ళూ చేసినదాన్ని నేనే. మళ్ళీ ఆ మంచం నా ఇంట్లో పడటానికి వీల్లేదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

నాకు నోరెక్కువ. పుట్టింట్లో అందరూ అనేవారు, అత్తింట్లో అనడానికి భయపడేవారు. ఆ నోరు మొత్తం ఈ పని మీద పెట్టాను. ఇంట్లో బియ్యం డబ్బా ఎత్తి పనిమనిషికి ఇచ్చేశాను. కొర్రలు, అరికెలు, సామలు తెప్పించాను. అన్నం బదులు అవి, అవీ కొలిచి. పొద్దున్న రాగి జావ, రాత్రికి కీరా ముక్కలూ మజ్జిగా. నూనె పొయ్యడానికి చెంచా, నెయ్యికి సెలవు. జాడీలో ఆవకాయ మా వదినకి పంపించేశాను. ఆవిడ మా ఆయన అక్క, పాలకొల్లులో ఉంటారు. "మా తమ్ముడి నోరు కట్టేశావన్నమాట" అన్నారు ఫోన్లో. "మీ తమ్ముడి కాళ్ళు కాపాడుతున్నాను వదినా" అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? సెంటర్లో పునుగుల బండి ఉంది. దుకాణం నుంచి వస్తూ ఆయన రోజూ అక్కడ ఆగేవారు. నేనే స్వయంగా వెళ్ళి ఆ బండాయనతో "మా ఆయనకి నువ్వు ఒక్క పునుగు పెట్టినా నీ బండి ముందు కూర్చుని గోల చేస్తాను" అని చెప్పొచ్చాను. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మా ఆయనకి ఏమీ పెట్టొద్దన్నాను. మా వైపు ఒక మనిషికి తిండి పెట్టొద్దని చెప్పడమంటే మాటలు కాదు. ఏ భార్యా అనని మాట అది. కొన్నాళ్ళకి మమ్మల్ని భోజనాలకి పిలవడం తగ్గించేశారు. పిలిచి పెట్టకుండా ఎలా పంపుతారు పాపం, పిలవకపోతే గొడవే లేదు. ఆయన కుర్చీలో కూర్చుని "ఎవరూ పిలవట్లేదేంటే?" అనేవారు. "మంచిదేగా" అనేదాన్ని.

ప్రతి ఆదివారం దుకాణంలో మేత బస్తాలు తూచే కాటా మీద ఇద్దరం ఎక్కేవాళ్ళం. ఆరు నెలల్లో ఆయన ఎనభై తొమ్మిదికి వచ్చారు. నేను డెబ్భై ఎనిమిది దగ్గర మొండికేసి కూర్చున్నాను. అదే తిండి, అంతే నడక. నాకు కడుపు మండిపోయేది. నిజం చెప్పాలంటే ఆయన్ని చూసి కుళ్ళుకునేదాన్ని. "మగాళ్ళకి ఇట్టే తగ్గుతుంది, మాకేమో పట్టుకుని వేలాడుతుంది" అని అందరితో అనేదాన్ని. ఆయన "నావి రెండు తీసుకో, నేనివ్వనంటానా" అని నవ్వేవారు.

దసరా దాటాక ఆయన మరీ వేగంగా తగ్గడం మొదలైంది. పదిహేను రోజులకి కేజీ, ఒక్కోసారి కేజీన్నర. ప్యాంట్లన్నీ టైలరు దగ్గర బిగుతు చేయించుకొచ్చాం. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను. "బావగారు హీరోలా ఉన్నారు", "అక్కా, ఆ డైటేంటో మాక్కూడా చెప్పవా" అని బోలెడు మెసేజులు. మా వీధిలో ఆడవాళ్ళు కాగితం, పెన్ను పట్టుకుని వచ్చారు. కొర్రలు ఎంతసేపు నానబెట్టాలో, నూనె ఎన్ని చుక్కలు వెయ్యాలో కుర్చీ వేసుకుని పాఠం చెప్పాను. ఆయన్ని పిలిచి "ఒకసారి అటు తిరగండి, వెనక నుంచి చూస్తారు" అన్నాను. తిరిగారు. అలా నిలబడి ఉండలేక గోడ పట్టుకున్నారని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు సిగ్గుపడుతున్నారని అనుకున్నాను.

అదే రోజుల్లో కంచంలో మిగల్చడం మొదలుపెట్టారు. ముందు నాలుగు ముద్దలు, తర్వాత సగం, తర్వాత సగానికి పైన. మొదట్లో నాకు సంబరమే. అమ్మయ్య, నోరు కట్టుబడింది అనుకున్నాను. వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డం పెడితే ఈసారి వేళ్ళు కలిసే ఉండేవి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది మా రొయ్యల వాళ్ళకి తప్ప వేరేవాళ్ళకి తెలియదు. చెరువులో మేత చల్లాక, కొంచెం మేత పళ్ళెంలాంటి చిన్న వల మీద పెట్టి నీళ్ళలోకి దింపుతారు. దాన్ని చెక్ ట్రే అంటారు. రెండు గంటలాగి పైకి తీస్తారు. ఖాళీ అయిందంటే రొయ్య బాగున్నట్టు. మేత మిగిలిందంటే రొయ్యకి ఏదో తేడా చేసినట్టు. జబ్బు మొదటి గుర్తు అదే, మిగతా గుర్తులన్నీ తర్వాతే కనపడతాయి. రైతులు మా దుకాణానికి పరుగెత్తుకొచ్చేవారు. "ట్రేలో మేత మిగిలిపోతోందండి, మేత బాగోలేదేమోనండి" అనేవారు. ఆయన "రొయ్య అలగదండీ. మిగిల్చిందంటే ఒంట్లో బాలేదనే. ముందు ల్యాబుకి పట్టుకెళ్ళండి" అనేవారు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది. ఆ మాట మీదే మా ఇల్లు గడిచింది. అలాంటి ఇంట్లో, రోజూ సగం మిగిలిన కంచాన్ని నా చేత్తో ఎత్తి కడిగి బోర్లించాను. ఒక్క రోజు కూడా నాకు చెక్ ట్రే గుర్తు రాలేదు. పోనీ ఆయనకైనా గుర్తొచ్చిందేమో తెలియదు. వచ్చే ఉంటుంది.

నాకు గుర్తొచ్చింది వేరే. మనిషి ఇంట్లో తినడం లేదు, దుకాణానికి వెళ్తున్నారు, వస్తున్నారు. మరి ఎలా నిలబడుతున్నారు? ఇంకెలా, బయట మేస్తున్నారు! ఆ అనుమానం వచ్చాక నా బుర్రలో ఇంకోటి దూరలేదు. బయట మేసే మనిషి ఇలా ఎందుకు తగ్గిపోతున్నాడని అడిగే ఇంగితం కూడా నాకు లేకపోయింది. కోపమొస్తే నాకు కూడికలు తీసివేతలు రావు.

సాయంత్రం పునుగుల బండి దగ్గరికి వెళ్ళాను. "మా ఆయన రోజూ వస్తున్నారు కదా? దాచకు" అన్నాను. ఆ బండాయన గరిటె పక్కన పెట్టాడు. "ఆయ్, లేదండి బాబూ. మీరొచ్చి చెప్పెళ్ళాక ఇటు రావడమే మానేశారండి. మొన్నొకసారి వచ్చారండి. ప్లేటిస్తే కాసేపు పట్టుకుని మళ్ళీ నాకే ఇచ్చేశారండి. తినబుద్ధి కావట్లేదు, వాసన బాగుంది చాల్లే అన్నారండి" అన్నాడు. నమ్మానా? దొంగకి తోడు దొంగ అనుకున్నాను. మా ఊళ్ళో మంచి మనిషి కోసం ఎవరైనా అబద్ధమాడతారు, పైగా అడిగినదానికంటే ఎక్కువే అల్లుతారు. ప్లేటు వెనక్కిచ్చారట, వాసన చూశారట! ఆ కథ విన్నాకే నా అనుమానం గట్టిపడింది.

మర్నాడు మధ్యాహ్నం అరికెల అన్నం, ములక్కాడల పులుసు పెట్టాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేశారు. ఇక మొదలుపెట్టాను.

"ఎక్కడ మేసొచ్చారు? చెప్పండి. నేనిక్కడ నోరు కట్టుకుని గడ్డి తింటున్నాను. మీరేమో ఊరి మీద పడి తింటున్నారు. మా నాన్న కాలు తీసేసినప్పుడు మీరు చూడలేదా? మీకూ తీసేస్తే ఎవరు చేస్తారు? నేనే కదా చావాలి!"

"తినలేదే" అన్నారు.

"తినకపోతే ఆకలెందుకు లేదు?"

"ఏమో మరి, లేదు."

"ఆకలి లేని మనిషిని ఎక్కడైనా చూశామా? మీరా ఆకలి లేని మనిషి? ఎవరికి చెప్తారు?"

ఇలా ఎంతసేపన్నానో నాకే తెలియదు. పులుసు చల్లారిపోయింది. ఆయన తలొంచుకుని మెతుకుల్ని కంచం అంచుకి నెడుతూ కూర్చున్నారు. చివరికి "తిన్నాన్లేవే" అన్నారు. "రెండు ప్లేట్లు తిన్నాను. ఇక ఊరుకో."

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా నేను చెప్పలేదూ, అన్నట్టు. "అలా నిజం చెప్పండి మరి" అని చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు కూడా నేనే అందించాను. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో అలవాటైపోయింది. కంచంలో మిగిల్చినప్పుడల్లా నేను మొహం వైపు చూడటం, ఆయన "తిన్నాను" అనడం. ఒకరోజు బజ్జీ అనేవారు, ఒకరోజు పునుగులనేవారు. "ఇవాళ చట్నీ పల్చగా ఉంది" అని కూడా అన్నారొకసారి. నేను దాని మీద ఇంకో పావుగంట తిట్టాను.

ఆ మధ్యే షుగరు పరీక్షకి వెళ్ళాం. డాక్టరు కాగితం చూసి "భలే తగ్గిందండీ!" అన్నాడు. తర్వాత ఆయన వంక చూసి "ఆకలి ఎలా ఉందండి?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచారు. ఈలోపే నేనందుకున్నాను. "ఆకలికేమండీ, బ్రహ్మాండంగా ఉంది! నా వంట వద్దుగానీ బయట పునుగులు కావాలి" అన్నాను. డాక్టరు నవ్వాడు. ఆయనా నవ్వారు. మాత్రలు సగానికి తగ్గించి పంపించాడు. ఆ డాక్టరుదేం తప్పు లేదు. అడగాల్సింది అడిగాడు. జవాబు చెప్పాల్సిన మనిషిని చెప్పనివ్వనిది నేను.

కనిపెట్టింది మా వదినొక్కరే. వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, నన్ను వంటింట్లోకి లాగి "ఇది తగ్గడం కాదే అమ్మాయ్, చిక్కిపోవడం. వాడి మెడ చూడు, కాలరు ఎడంగా నిలబడిపోతోంది" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నేను అవి చూసీ చూడనట్టు "మీకు లావుగా ఉంటేనే మనిషి వదినా. మీ గారెలు తినలేదని ఏడుపు" అన్నాను. ఆవిడ మాట నిజమైతే నేను తప్పు. ఆ వయసులో తప్పని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇంటావిడ నోరు మంచిదై ఉంటే ఆ రోజే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళం.

ఎండలు ముదిరాక ఒక పొద్దున దుకాణంలో పడిపోయారు. అక్కడున్న రైతులు ఇంటికి తీసుకొచ్చారు. గుమ్మంలోనే వాంతయింది. నల్లగా, కాఫీ గసిలా ఉంది. రాజమండ్రి తీసుకెళ్ళాం. గొట్టం వేసి చూశారు, స్కాన్ తీశారు. కడుపులో గడ్డ అన్నారు. కాలేయానికి పాకిపోయింది, కొయ్యడానికి లేదన్నారు. అక్కడి డాక్టరమ్మ నన్నే అడిగింది, "ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా తినట్లేదమ్మా?" అని. నాకేమీ తోచక "తింటున్నారండి, ఇంట్లో తినరుగానీ బయట..." అన్నాను. వెనక మంచం మీద నుంచి "దసరా నుంచండి" అన్నారాయన. ఆవిడ రాసుకుంది. నేను వెనక్కి తిరిగి ఆయన మొహం చూడలేకపోయాను.

పంపించేటప్పుడు ఆవిడ "ఇక పథ్యాలేమీ పెట్టకండమ్మా. ఏదడిగితే అది పెట్టండి" అంది. అది విని నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ గదిలో ఏదైనా తీసి బద్దలుకొట్టాలనిపించింది. ఇంటికొచ్చి బియ్యం తెప్పించాను. కొరమీను పులుసు పెట్టాను, రొయ్యలు వేయించాను, నెయ్యి కాచాను. వదిన పాలకొల్లు నుంచి వచ్చి ఉండిపోయారు. ఆవిడా నేనూ పోటీలు పడి వండేవాళ్ళం. ఒకరినొకరు ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆవిడ ఒక్కసారి దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికపడేదేమో. ఆయన ప్రతి గిన్నె మూత తీయించుకుని చూసేవారు. "అబ్బ!" అనేవారు మా కోసం. రెండు చెంచాలు లోపలికెళ్ళేవి, అందులో ఒకటి బయటికొచ్చేది. మిగిలినవన్నీ నేను తిన్నాను. పారబొయ్యడానికి చెయ్యి రాక, వంటింట్లో నిలబడి ఏడుస్తూ గిన్నెలోంచే తిన్నాను. ఆయన మంచంలో అరిగిపోతున్న ఆ రెండున్నర నెలల్లో నేను ఐదు కేజీలు పెరిగాను. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి నా బతుకులో లేదు.

ఇప్పుడు ఒక్కదాన్నే. ఏం తింటున్నానో పెద్దగా పట్టించుకోను. ఒకరోజు అన్నం, ఒకరోజు బ్రెడ్డు, ఒకరోజు ఏమీ ఉండదు. షుగరు మాత్ర కూడా గుర్తుంటే వేసుకుంటాను.

పోవడానికి పది రోజుల ముందనుకుంటాను, మధ్యాహ్నం వదిన పడుకున్నారు. నేను ఆయన కాళ్ళు పడుతున్నాను. పట్టడానికి ఏముంది అక్కడ, ఎముకే. ఆయన మెలకువగానే ఉన్నారు. అన్ని వారాలుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పారండీ?"

కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. తర్వాత మెల్లగా అన్నారు, "తినలేదంటే సాయంత్రం దాకా తిడతావు. తిన్నానంటే పావుగంటలో అయిపోతుంది."

కోపంగా అనలేదు. ఎవరో దారి అడిగితే చెప్తున్నట్టు అన్నారు.

"పోనీ కడుపులో నొప్పిగా ఉందని చెప్పొచ్చుగా! ఒక్కసారి చెప్పి ఉంటే..."

"చెప్పానే" అన్నారు. "రెండుసార్లు చెప్పాను."

నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఆయన ఆ మాట అన్న రోజు దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు. "నేనేమన్నాను?" అని అడిగాను.

కళ్ళు మూసుకునే చెప్పారు. "తిండి తగ్గించండి, అదే తగ్గుతుందన్నావు."

గుర్తులేదుగానీ, అది నా మాటే.